జీవమున్న సరుకు: ప్రయోగశాల నుండి పొలం దాకా

జీవ నియంత్రణపై మన పత్రికలలో వెలువడే వ్యాసాలలో ఎకరానికి ఎన్ని పరాన్నజీవులను, ఎన్ని రోజుల వ్యవధిలో, ఎన్నిసార్లు విడుదల చేయాలో వివరంగా ఉంటుంది. అవి ప్రయోగశాల నుండి పొలానికి ఏ పెట్టెలో, ఎంత వేడిలో, ఎన్ని గంటలకు చేరాయో చెప్పే వ్యాసం అరుదు. ప్యాకింగు, రవాణా గుమాస్తా పనులని, వాటికి శాస్త్రంతో సంబంధం లేదని మనలో ఒక భావన స్థిరపడింది. పురుగుమందుల ప్రచారం జీవ నియంత్రణకు ఎంత హాని చేసిందో, ఈ భావన కూడా అంతే హాని చేసిందని నా అభిప్రాయం.

ట్రైకోకార్డునే తీసుకుందాం. నిల్వ ధాన్యాన్ని ఆశించే కార్సైరా రెక్కల పురుగు గుడ్లను కార్డుపై అంటించి, వాటిని ట్రైకోగ్రామా కందిరీగకు అందిస్తాము. ఒక మిల్లీమీటరు పొడవైనా లేని ఆ కందిరీగ వాటిలో తన గుడ్లు పెడుతుంది. మూడు నాలుగు రోజులలో గుడ్లు నల్లబడతాయి. సాధారణ గది ఉష్ణోగ్రతలో ఎనిమిది రోజులు దాటేసరికి పిల్ల కందిరీగలు బయటకు వస్తాయి. బయటకు వచ్చిన కందిరీగ బ్రతికేది కొద్ది రోజులే. అంటే మన చేతిలో ఉన్నది ఎరువు బస్తా కాదు, నడుస్తున్న గడియారం. ఆరవ రోజున పంపిన కార్డు శనివారం మధ్యాహ్నం మండల కేంద్రానికి చేరి, ఆదివారం సెలవు గడిచి, సోమవారం రైతు చేతికి వస్తే, అతడు వరి ఆకు అడుగున గుచ్చేది ఖాళీ గుడ్డు పెంకులను మాత్రమే. కాండం తొలుచు పురుగు తగ్గదు. రైతు తీర్పు సహజంగానే "కార్డులు పనిచేయవు" అని వస్తుంది. ఆ తీర్పును మార్చడానికి తరువాత ఎన్ని క్షేత్ర దినోత్సవాలు జరిపినా చాలవు.

ఈ విషయంలో మనం నేర్చుకోదగిన వారు అనుకోని చోట ఉన్నారు. అమెరికాలో కొండచిలువ పిల్లలను, గెక్కో బల్లులను ఇళ్లలో పెంచుకునే అలవాటు విస్తృతంగా ఉంది. పెంపకందారులు వాటిని వందల మైళ్ల దూరానికి పార్సిలుగా పంపుతారు. అక్కడి తపాలా శాఖ హానిలేని చిన్న బల్లులను స్వీకరిస్తుంది, పాములను, తాబేళ్లను స్వీకరించదు. అవి కొరియర్ సంస్థల ద్వారా వెళ్లాలి. మన దేశంలో సంగతి వేరు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 రక్షిత జాబితాలలోని జీవులను పట్టడం, అమ్మడం నేరం. మన నక్షత్ర తాబేలు 2019లో సైటిస్ మొదటి అనుబంధంలోకి కూడా చేరింది. కనుక ఆ వ్యాపారాన్ని నేను సమర్థించడం లేదు. అందులోని క్రమశిక్షణను మాత్రమే చూడమంటున్నాను.

సరీసృపానికి గానీ కీటకానికి గానీ సొంతంగా శరీరపు వేడిని నిలుపుకొనే శక్తి లేదు. పెట్టెలోని ఉష్ణోగ్రతే దాని ఒంటి ఉష్ణోగ్రత. ఈ ఒక్క సూత్రం నుండే వారి నియమాలన్నీ పుట్టాయి. పంపే ముందు కొన్ని రోజులు పాముకు మేత పెట్టరు. ఆహారం అరగడానికి వెచ్చదనం కావాలి, దారిలో చలి తగిలితే తిన్నది కక్కేస్తుంది. (మన కైకలూరు ప్రాంతపు చేపపిల్లల పెంపకందారులు కూడా ప్రాణవాయువు నింపిన సంచులలో పిల్లలను పంపే ముందు వాటిని పస్తు ఉంచుతారు, లేకుంటే అవి సంచిలోని నీటిని తమ విసర్జనతోనే పాడు చేసుకుంటాయి. ఈ జ్ఞానం మనకు కొత్తది కాదు, శాఖ మారిందంతే.) పామును గుడ్డ సంచిలో కట్టి, థర్మోకోల్ వంటి పలకలు పరచిన అట్టపెట్టెలో కదలకుండా అమరుస్తారు. చలికాలంలో పెట్టే వేడి పొట్లంలో ఇనుప పొడి గాలిలోని ప్రాణవాయువుతో కలిసి వేడిని పుట్టిస్తుంది. కనుక పెట్టెకు రంధ్రాలు జీవికే కాదు, పొట్లానికీ అవసరం. వారం చివర చిక్కుకోకుండా సోమవారం నుండి బుధవారం లోపే పంపుతారు. పంపే ఊరిలోను, చేరే ఊరిలోను వాతావరణం చూసి, రెండింటిలో ఏది అనుకూలించకపోయినా ఆపివేస్తారు. అమ్మినవారు ప్రాణంతో చేరుతుందన్న హామీ ఇస్తారు. తీసుకునేవారు సమయానికి అక్కడ ఉండి తీసుకోవాలి.

పెంపుడు బల్లికి దక్కుతున్న ఈ శ్రద్ధ మన పంటను కాపాడే కందిరీగకు ఎందుకు దక్కదు?

మన శాస్త్ర చరిత్రలోనే ఈ శ్రద్ధకు ఘనమైన దృష్టాంతాలున్నాయి. ఐసీరియా పొలుసు పురుగుతో కాలిఫోర్నియా నారింజ తోటలు నాశనమవుతున్నప్పుడు, ఆల్బర్ట్ కోబెలే 1888లో ఆస్ట్రేలియా నుండి ఓడలో వెడాలియా అక్షింతల పురుగులను పంపాడు. 1889 జనవరి నాటికి అందిన తొలి విడతలలో ప్రాణంతో ఉన్నవి 129. ఆ కొద్దిపాటి పురుగుల సంతతే ఆ పరిశ్రమను నిలబెట్టింది. మన కాలంలో కర్రపెండలం పిండినల్లిపై ప్రయోగించడానికి అనాగిరస్ లోపెజీ కందిరీగను 2021లో ఆఫ్రికాలోని బెనిన్ నుండి బెంగళూరుకు తెచ్చారు. ఖండాలు దాటించగలిగిన మనం, జిల్లా కేంద్రం నుండి గ్రామానికి దాటించలేకపోవడం విచిత్రం.

సస్య శాస్త్రజ్ఞునిగా నాకు దగ్గరైన ఉదాహరణ వయ్యారిభామను తినే మెక్సికన్ పెంకు పురుగు. 1984 నుండి మన దేశంలో ఉన్న ఈ జైగోగ్రామాను వర్షాకాలంలో ఒకచోట పట్టి మరోచోట వదలడం విద్యార్థులు కూడా చేయగల పని. అయితే తడి ఆకులతో కుక్కి మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో ఆకు కుళ్లి, పురుగులు చెమ్మకు చస్తాయి. గాలి ఆడే డబ్బా, ఆరిన లేత కొమ్మలు, కొద్దిపాటి సంఖ్య, నీడ చాలు. వానపాములది మరో కథ. అవి చర్మంతోనే శ్వాసిస్తాయి కనుక తేమ తప్పనిసరి. కాని తేమ కోసమని పచ్చి పేడలో పెట్టి గోనె సంచి కుడితే, ఆ పేడ పులిసి వేడెక్కి అవి దారిలోనే ఉడికిపోతాయి. సగం మాగిన పేడ గానీ, తడిపి పిండిన కొబ్బరి పొట్టు గానీ వాడాలి.

ఖర్చు గురించి అభ్యంతరం వస్తుందని తెలుసు. ఏప్రిల్, మే నెలల్లో శీతల వాహనాలు ప్రతి మండలానికీ తిప్పలేమన్నది నిజమే. నేను అడుగుతున్నది అవి కావు. కార్డు వెనుక కందిరీగలు వెలువడే తేదీని ముద్రించడానికి సిరా తప్ప ఏమీ అక్కరలేదు. గురు, శుక్రవారాలలో పంపకపోవడానికి ఖర్చు లేదు. నల్లబడిన కార్డులను సుమారు 10 డిగ్రీల సెల్సియస్ వద్ద కొన్ని రోజులు ఆపవచ్చు కనుక పంపే రోజు మన చేతిలోనే ఉంది. థర్మోకోల్ పెట్టెలో చల్లని జెల్ పొట్లం పెట్టి, దానికీ కార్డుకూ మధ్య కాగితం మడతలు వేస్తే చెమ్మ అంటదు. బస్సు పార్సిల్ కార్యాలయంలో ఎండ తగిలే అరుగుపై ఇటువంటి పెట్టె గంటల తరబడి పడి ఉండటం నేను చూశాను. తీసుకునే వ్యక్తి పేరు, ఫోను నంబరు పెట్టెపై పెద్ద అక్షరాలతో ఉంటే అది అక్కడ అంతసేపు ఉండదు.

పరిశోధనా విద్యార్థులకు నా సూచన మరింత నిర్దిష్టమైనది. కార్డు చేరగానే, పొలానికి తీసుకువెళ్లక ముందే, చేతి భూతద్దంతో 100 నల్ల గుడ్లను పరిశీలించండి. గుండ్రని రంధ్రాలున్నవి అప్పటికే ఖాళీ అయినవి. ఒక ముక్కను దూది బిరడా పెట్టిన గాజు గొట్టంలో ఉంచి, మిగిలిన వాటిలో ఎన్ని వెలువడ్డాయో మరలా లెక్కించండి. ఈ రెండు అంకెలు సిద్ధాంత గ్రంథంలోని పద్ధతుల అధ్యాయంలో ఉండాలి. ఎకరానికి 20,000 విడుదల చేశామని వ్రాసి, అందులో ఎన్ని ప్రాణంతో ఉన్నాయో చెప్పని ప్రయోగం నుండి "ప్రభావం గణనీయంగా లేదు" అన్న నిర్ధారణకు వస్తే, పరీక్షకునిగా నేను ఆ నిర్ధారణను అంగీకరించను.