రూట్ కాజ్ "మతం" అని రాసి టికెట్ మూసేద్దామా?

మొన్న లంచ్‌లో మళ్ళీ అదే చర్చ. "అసలు మతమే లేకపోతే ఈ కొట్లాటలే ఉండవు" అని ఒకడు. "అన్ని మతాలూ కాదు బాస్, ఆ ఒక్క మతమే" అని ఇంకొకడు. ఆ మతానికే చెందిన మా టీమ్ కుర్రాడు సగం తిన్న బాక్స్ మూసేసి లేచి వెళ్ళిపోయాడు. నేను నోరెత్తలేదు. అప్పుడు అనాల్సింది ఇప్పుడు రాస్తున్నా.

ఒక సర్వర్ పడిపోతే మనం ఏం చేస్తాం? అదే కోడ్ నడుస్తున్న పక్క సర్వర్ ఎందుకు పడలేదో చూస్తాం కదా. అశుతోష్ వార్ష్నే అనే రాజనీతి శాస్త్రవేత్త చేసిందీ అదే. 2002లో వచ్చిన పుస్తకంలో ఆయన ఆరు నగరాల్ని జంటలుగా పోల్చాడు: అలీగఢ్-కాలికట్, హైదరాబాద్-లక్నో, అహ్మదాబాద్-సూరత్. ఏ జంట తీసుకున్నా హిందూ, ముస్లిం జనాభా పాళ్ళు దాదాపు ఒకటే. కానీ మొదటి ఊళ్ళో తరచూ అల్లర్లు, రెండోది చాలావరకు ప్రశాంతం.

స్టీవెన్ విల్కిన్సన్‌తో కలిసి 1950-95 మధ్య జరిగిన హిందూ-ముస్లిం అల్లర్ల లెక్కలు కూడా పాత పేపర్లలోంచి తీశాడు. చనిపోయినవాళ్ళలో దాదాపు 46 శాతం ఎనిమిది నగరాల్లోనే. అందులో మన హైదరాబాద్ కూడా ఉంది. పల్లెల వాటా 4 శాతం కూడా లేదు. మతం ఒక్కటే కారణమైతే మరి పల్లెల్లో లేనిదా మతం?

వార్ష్నే జవాబు ఏంటంటే, రెండు మతాలవాళ్ళూ కలిసి నడిపే వ్యాపారాలు, యూనియన్లు, సంఘాలు ఉన్నచోట పుకారు అంత తేలిగ్గా అంటుకోదు. లక్నో చికన్ కుట్టుపనే చూడండి (కోడి కాదండోయ్!). కుట్టేది ఎక్కువగా ముస్లింలు, అమ్మేది ఎక్కువగా హిందువులు. గొడవైతే ఇద్దరికీ పూట గడవదు. కలిసి భోంచేస్తామన్నవాళ్ళు కాలికట్‌లో 83 శాతం, అలీగఢ్‌లో 54 శాతం.

"ప్రశాంతంగా ఉంది కాబట్టే కలిసి తింటున్నారేమో?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. పండితుల్లోనూ ఏకాభిప్రాయం లేదు. అల్లర్లని పనిగట్టుకుని తయారుచేసేవాళ్ళు ఉంటారంటాడు పాల్ బ్రాస్. ఓట్ల లెక్క కుదిరితేనే ప్రభుత్వం అల్లర్లని ఆపుతుందని అదే విల్కిన్సన్ 2004లో రాశాడు. అలాగని మతానికి క్లీన్ చిట్టేమీ లేదు. రకరకాల మతాల తీవ్రవాదుల్ని కలిసి మాట్లాడిన మార్క్ యుర్గెన్స్‌మేయర్, తమది దైవయుద్ధమనే నమ్మకం వాళ్ళ హింసకి ఎలా బలమిస్తుందో 2000లోనే చూపించాడు. కానీ వీళ్ళెవరూ "మతం" అని ఒక్క ముక్క రాసేసి టికెట్ మూసెయ్యలేదు. మనం మాత్రం లంచ్ అయ్యేలోపు మూసేస్తున్నాం.

పెద్ద నగరంలో కలిసి తిన్నంత మాత్రాన సరిపోదని, గట్టి సంఘాలు కావాలని వార్ష్నేనే అంటాడు. నిజమే కావచ్చు. అయినా రేపు నా బాక్స్ పట్టుకుని ఆ కుర్రాడి టేబుల్ దగ్గరికే వెళ్తా. ముందు సారీ చెప్పాలి.

మీ ఆఫీసుల్లో ఇలాంటప్పుడు మీరేం చేస్తారు?