కుర్చీలు మోసే పిల్లల చేతికి ఈల ఎప్పుడిస్తారు?



జెండా పండుగ నాడు మన బడుల్లో ఒకసారి చూడండి. మెడలో స్కార్ఫ్ కట్టుకున్న స్కౌట్స్, గైడ్స్ పిల్లలు ఎండలో నిలబడి ఉంటారు. చాలాచోట్ల కుర్చీలు వేసేది, నీళ్లు అందించేది, అతిథులు వెళ్లాక షామియానా కింద చెత్త ఏరేది వాళ్లే. దాన్ని సేవ అంటారు. సేవ మంచిదే. కానీ ఆ రోజు ఎవరు ఏ పని చేయాలో ఆ పిల్లలను ఎవరైనా అడిగారా?

సేవలోనూ వెట్టిలోనూ చేసే పని ఒక్కటే కావచ్చు. తేడా అంతా నిర్ణయం ఎవరిదన్న దగ్గరే ఉంది. 1946లో కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగిన నేల మనది. ఈ తేడా మనకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

తమాషా ఏమిటంటే, స్కౌటింగ్ రాసుకున్న పద్ధతే పిల్లలను నిర్ణయించమంటుంది. ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లలు ఒక పెట్రోల్. వాళ్లలోనే ఒకరు లీడర్. లీడర్లంతా కూర్చునే సభ కోర్ట్ ఆఫ్ ఆనర్. కార్యక్రమాలైనా, క్రమశిక్షణైనా అక్కడే తేలాలి. స్కౌట్ మాస్టర్ ఆ సభలో కూర్చోవచ్చు కానీ ఓటు వేయకూడదన్నాడు బేడెన్ పావెల్. ఆయన వలస పాలకుల సైన్యాధికారి, మనకేం ఆరాధ్యుడు కాదు. అయినా ఆయన రాసిన ఆ ఒక్క నియమాన్ని మన స్టాఫ్‌రూములు ఎందుకు దాచిపెడుతున్నాయి?

'క్రమశిక్షణ ఉన్నవాణ్నే లీడర్ చేస్తాం' అంటారు. ఆ మాటను విప్పి చూడండి. ఇస్త్రీ బట్టలు, గడగడా ఇంగ్లిష్, తండ్రి పేరు చెప్పగానే సారు ముఖంలో నవ్వు. కులం పేరు ఎత్తకుండా కులాన్ని ఎంపిక చేసే భాష ఇది. స్కౌట్లు ఎడమ చేత్తో కరచాలనం చేస్తారు. చేయి కలిపి మనిషిని ఎడంగా ఉంచే విద్య మాత్రం మన దేశానిదే.

'వాళ్లకు నాయకత్వ లక్షణాలు ఉండాలి కదా' అనేవాళ్లూ ఉన్నారు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన పూర్ణ, ఆనంద్ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. శిక్షణ, తాడు, నమ్మకం అందాక ఎక్కారు. ముందు శిఖరం ఎక్కి చూపించండి, తర్వాత తాడు ఇస్తామని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఇంకో చరిత్ర గుర్తు చేస్తాను. ఈ దేశంలో స్కౌటింగ్ మొదలైనప్పుడు అందులో భారతీయ పిల్లలకు చోటు లేదు. అప్పుడు 1917లో అనిబిసెంట్ మద్రాసులో వేరే స్కౌట్ సంఘం పెట్టారు. మా పిల్లలు దేనికి తక్కువ అని ఆనాడు తెల్లవాళ్లను అడిగిన ప్రశ్ననే ఈనాడు మన పిల్లలు అడిగితే అది క్రమశిక్షణారాహిత్యం ఎట్లా అవుతుంది?

మన స్టేషన్ ఘన్‌పూర్ ఎస్సీ రిజర్వుడ్ నియోజకవర్గం. 2014 జూన్‌లో అప్పటి మన ఎమ్మెల్యే రాజయ్య గారు ఉపముఖ్యమంత్రి అయ్యారు. 2015 జనవరిలో తొలగించారు. అందులోని తప్పొప్పులు ఇక్కడ చర్చించను. పైనుంచి ఇచ్చిన పదవిని పైనుంచే తీసేయగలరు, నేను చెప్పేది అంతే. సారు నియమించిన పెట్రోల్ లీడర్ పదమూడేళ్లకే ఆ పాఠం నేర్చుకుంటాడు. పదవి నిలవాలంటే తోటి పిల్లల వైపు కాదు, సారు ముఖం వైపు చూడాలని. రేపు వాడే మన సంఘాల్లోకి వస్తాడు, మన పార్టీల్లోకి వస్తాడు.

అందుకే అడగాల్సినవి ఇవి. పెట్రోల్ లీడర్‌ను పిల్లలే ఎన్నుకోవాలి. బాధ్యత ఏడాదికొకసారి చేతులు మారాలి. కోర్ట్ ఆఫ్ ఆనర్ జరగాలి, తీర్మానాలు పుస్తకంలో రాయాలి. యూనిఫాం, క్యాంపు ఖర్చు బడే భరించాలి, ఎందుకంటే డబ్బు లేని పిల్లవాడు ఎన్నిక దాకా రానే రాడు. పారిశుధ్యం డ్యూటీ అందరికీ వంతులవారీగా పడాలి. కాలేజీల్లో రోవర్లుగా, రేంజర్లుగా ఉన్న మీరు మీ యూనిట్‌లో రేపే ఈ మాట ఎత్తండి. 'మా కోర్ట్ ఆఫ్ ఆనర్ చివరిసారి ఎప్పుడు కూర్చుంది?' అని ఒక్క ప్రశ్న వేయండి చాలు.

కుర్చీ మోయడం మనకు నామోషీ కాదు. ఎవరి కుర్చీ ఎక్కడ వేయాలో నిర్ణయించే సభలో మనకు కుర్చీ లేకపోవడమే అసలు అవమానం.

జై భీమ్.