చందా రుమాలుతో సర్కారు బకాయి తీరునా?

2025 అక్టోబరులో ఒక శుక్రవారం. జుమా నమాజు ముగిసిన తర్వాత మా మొహల్లా మస్జిద్ ద్వారం వద్ద ఒక సోదరుడు రుమాలు పరచి నిలబడ్డాడు. తోపుడు బండిపై పండ్లు అమ్ముకొని ఐదుగురిని పోషించే మనిషి. అంతకు ముందెన్నడూ ఎవరి ముందూ చేయి చాచినవాడు కాదు. అతని తల్లి ఇంట్లో జారిపడి తుంటి ఎముక విరిగింది. చేతిలో ఆరోగ్య కార్డు ఉన్నది. దానిపై పాతిక లక్షల రూపాయల వరకు ఉచిత వైద్యం లభిస్తుందని అతడు విని ఉన్నాడు. కాని వెళ్ళిన ప్రైవేటు ఆసుపత్రిలో, ప్రభుత్వం నుండి బకాయిలు రానందున కార్డుపై ఎవరినీ చేర్చుకోవడం లేదనీ, డబ్బు కడితే మరునాడే ఆపరేషన్ చేస్తామనీ చెప్పారు. ఏరియా ఆసుపత్రికి తీసుకువెళితే ఎక్స్‌రే తీశారు. మత్తు వైద్యుడు లేనందున పెద్దాసుపత్రికి చీటీ రాసి ఇచ్చారు. ఆ పెద్దాసుపత్రి వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నది.

ఆ రోజు రుమాలులో నాలుగు వేల చిల్లర పోగయింది. మాలో కొందరం మరికొంత కలిపి ఆ తల్లిని పంపించాము. ఆపరేషన్ ప్రభుత్వ ఆసుపత్రిలోనే జరిగింది. అక్కడ రూపాయి కూడా తీసుకోలేదు. ఆ వైద్యులకు మేము కృతజ్ఞులము. అయితే పదకొండు రోజులు పండ్ల బండి కదలలేదు. తోడున్నవారి తిండి, ఆటోలు, బయట కొన్న మందులు అన్నీ కలిసి ఆ ఇంటికి అప్పుగా మిగిలాయి.

అప్పటి నుండి ఒక ప్రశ్న మమ్మల్ని వెంటాడుతున్నది. ఆ రోజు మేము ఇచ్చినది సదఖాయా, లేక సర్కారు ఆసుపత్రులకు పడిన బకాయిలో మా వంతు చెల్లింపా?

పేర్లు మారాయి, అంకెలు పెరిగాయి

ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలై, 2008లో ఉమ్మడి రాష్ట్రమంతటికీ విస్తరించింది. దాని వల్ల మేలు జరగలేదని అనడం అన్యాయం. ఆ కార్డుతో గుండె ఆపరేషన్ జరిగి, నేటికీ నడుచుకుంటూ నమాజుకు వచ్చేవారు మా బస్తీలోనే ఉన్నారు. ఒకప్పుడు ఇల్లు అమ్ముకుంటే తప్ప దొరకని వైద్యం పేదవాడికి అందుబాటులోకి వచ్చింది. ఈ సత్యాన్ని ఏ పార్టీ అభిమానులైనా అంగీకరించవలసిందే.

ఆ తర్వాత ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఆంధ్రప్రదేశ్‌లో పథకం పేరు మారింది. రాజీవ్ ఆరోగ్యశ్రీ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. 2019లో వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది. 2024లో తిరిగి ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. తొలినాళ్ళలో కుటుంబానికి ఏడాదికి రెండు లక్షలుగా ఉన్న పరిమితి 2023 డిసెంబరులో 25 లక్షలకు చేరింది. అదే నెలలో తెలంగాణ తన పరిమితిని 10 లక్షలకు పెంచింది. ఆంధ్రప్రదేశ్‌లో పథకం కిందికి వచ్చే చికిత్సలు మూడు వేలు దాటాయి.

ఇంతగా అంకెలు పెరిగిన రాష్ట్రంలోనే, 2025 అక్టోబరులో, బకాయిల కారణంగా నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపివేశాయి. దానికి ముందు నెలలో తెలంగాణలోనూ అదే జరిగింది. ఇది ఒక పార్టీకో ఒక రాష్ట్రానికో పరిమితమైన జబ్బు కాదు.

బిల్లు నడక

మేము మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ కార్యాలయాల్లో బిల్లులు రాసి, పంపి, వాటి కోసం ఎదురుచూసిన వాళ్ళము. బడ్జెట్ పుస్తకంలో కనిపించే అంకె వేరు, నిధుల విడుదల ఉత్తర్వు వేరు, ఖాతాలో జమ అయ్యే సొమ్ము వేరు. ఆసుపత్రి ముందస్తు అనుమతి తీసుకొని చికిత్స చేస్తుంది, కాగితాలు పంపుతుంది. ట్రస్టు వాటిని పరిశీలించి మంజూరు చేస్తుంది. మంజూరైన బిల్లు ఆర్థిక శాఖ నుండి నిధులు విడుదలయ్యే వరకు అక్కడే కూర్చుంటుంది. ఈ మధ్యకాలంలో ఆసుపత్రి తన సిబ్బందికి జీతాలు ఇవ్వాలి, మందుల దుకాణానికి చెల్లించాలి. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రి కొంతకాలం ఓర్చుకోగలదు. జిల్లా పట్టణంలో ముప్పై పడకలతో నడిచే చిన్న ఆసుపత్రి ఓర్చుకోలేదు. అది ముందుగా కార్డు రోగులకు తలుపు మూస్తుంది. అంటే పరిమితి పెరిగిన కొద్దీ ప్రభుత్వ బాధ్యత కాగితంపై పెరుగుతున్నది. చెల్లింపు ఆగిన కొద్దీ దాని భారం పండ్ల బండి మీద పడుతున్నది.

ఇప్పుడు మరో మార్పు వచ్చింది. 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం సార్వత్రిక ఆరోగ్య విధానాన్ని ఆమోదించింది. దాని ప్రకారం రెండున్నర లక్షల వరకు అయ్యే ఖర్చును బీమా సంస్థ భరిస్తుంది. ఆపైన 25 లక్షల వరకు పేద కుటుంబాల ఖర్చును ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు చూసుకుంటుంది. 2007లోనూ పథకం బీమా సంస్థతోనే మొదలై, తర్వాత ట్రస్టు చేతికి వచ్చిందని పాతవారికి గుర్తుండే ఉంటుంది.

బీమా పద్ధతిని మేము ముందే తప్పుపట్టడం లేదు. ప్రీమియం సకాలంలో కడితే ఆసుపత్రులకు బిల్లులు త్వరగా అందవచ్చు. కాని ప్రీమియం కట్టవలసినదీ అదే ఖజానా. అది ఆలస్యమైతే పాత కథే పునరావృతమవుతుంది. పైగా, చెల్లించే సొమ్ము తగ్గితే బీమా సంస్థకు మిగులు పెరుగుతుంది. క్లెయిము తిరస్కరణకు గురైతే పేద రోగి ఎవరి వద్దకు వెళ్ళాలి? చికిత్స మధ్యలో ఖర్చు రెండున్నర లక్షలు దాటితే, రోగిని మంచం మీద ఉంచి రెండు కార్యాలయాలు ఉత్తర ప్రత్యుత్తరాలు నడపవని హామీ ఏమిటి? ఈ ప్రశ్నలకు నిబంధనల్లోనే స్పష్టమైన సమాధానం రాసి ఉండాలి.

పక్కనున్న ఆసుపత్రి సంగతి

అసలు విషయం వేరొకటి ఉన్నది. కార్డు ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకొనే చికిత్సలకు పనికివస్తుంది. మన ఇళ్ళలో నిత్యం జేబును ఖాళీ చేసేవి రక్తపోటు, మధుమేహం, జ్వరం, నడుము నొప్పి, పిల్లల దగ్గు. వీటికి కావలసినది పాతిక లక్షల పరిమితి కాదు. ఉదయం వెళ్ళి మధ్యాహ్నానికి మందులతో తిరిగి రాగల ప్రభుత్వ ఆసుపత్రి కావాలి. కాన్పుకు, ఎముక విరిగితే కట్టుకు, పాము కాటుకు, గుండెపోటులో తొలి గంటకు కూడా అదే కావాలి.

ఆ అవసరం కోసమే ఉమ్మడి రాష్ట్రంలో 1986 చట్టంతో వైద్య విధాన పరిషత్ ఏర్పడింది. జిల్లా ఆసుపత్రులు, ఏరియా ఆసుపత్రులు, సామాజిక ఆరోగ్య కేంద్రాలు దాని కిందికి వచ్చాయి. ఈ మధ్య అంచె బలంగా ఉంటే పెద్దాసుపత్రిపై ఒత్తిడి తగ్గుతుంది, ప్రైవేటు ఆసుపత్రి ధరకు కళ్ళెం పడుతుంది. అది బలహీనపడితే రోగికి రెండే దారులు: వంద కిలోమీటర్ల ప్రయాణం లేక అప్పు. ప్రభుత్వ ఆసుపత్రులు సైతం ఈ పథకం కింద చికిత్స చేసి సొమ్ము పొందవచ్చు. మత్తు వైద్యుడు లేని చోట ఆపరేషన్ జరగదు, ఆపరేషన్ జరగని చోట ఆ సొమ్ము రాదు. ఒక్క ఖాళీ పోస్టు ఇలా ఆసుపత్రి మొత్తాన్ని చీటీలు రాసే కార్యాలయంగా మారుస్తుంది.

కొత్త వైద్య కళాశాలల విషయాన్ని కూడా ఈ దృష్టితోనే చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో తలపెట్టిన 17 ప్రభుత్వ వైద్య కళాశాలల్లో ఐదు 2023లో మొదలయ్యాయి. నంద్యాల వాటిలో ఒకటి. పదింటిని ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో నడపాలని 2025లో నిర్ణయించారు. తొలి విడతలో ఆదోని, మదనపల్లె, మార్కాపురం, పులివెందుల ఉన్నాయి. ఆదోని, మదనపల్లెల్లో ముస్లిం జనాభా గణనీయమని వేరుగా చెప్పనక్కరలేదు. పేదలకు ఉచిత వైద్యం కొనసాగుతుందని ప్రభుత్వం అంటున్నది. మంచిదే. ఆ మాట ఒప్పంద పత్రంలో ఏ నిబంధనగా ఉన్నది, ఎన్ని పడకలకు, ఏ సేవలకు, ఎన్ని సంవత్సరాలకు, ఉల్లంఘిస్తే శిక్ష ఏమిటి అన్నది ఆ పట్టణాల ప్రజలకు తెలుగులోనూ, ఉర్దూలోనూ తెలియజేయాలి. కళాశాల ఎవరు నడిపినా, దానికి అనుబంధమయ్యే ఆసుపత్రి ప్రజల పన్నులతో నిలిచినది.

మన వాటా, మన బాధ్యత

2006 నాటి సచార్ కమిటీ నివేదిక ముస్లింలు అధికంగా నివసించే గ్రామాల్లో వైద్య సదుపాయాల కొరతను ప్రస్తావించింది. ఆ నేపథ్యంలో 2008-09లో బహుళ రంగాల అభివృద్ధి కార్యక్రమం మొదలైంది. 2018లో అది ప్రధానమంత్రి జన్ వికాస్ కార్యక్రమంగా మారింది. విద్య, నైపుణ్యాలతో పాటు ఆరోగ్యం కూడా అందులో ప్రాధాన్య రంగమే. మనవారు ఈ నిధుల గురించి మాట్లాడినప్పుడు షాదీఖానాలనూ, పాఠశాల గదులనూ అడుగుతారు. బస్తీలో ఆరోగ్య కేంద్రం కావాలని, ఏరియా ఆసుపత్రికి ప్రసూతి విభాగం కావాలని అడిగిన అర్జీలు మా అనుభవంలో అరుదు. అడగనిది ఫైలులోకి రాదు, ఫైలులోకి రానిది బడ్జెట్‌లోకి రాదు.

కావున ప్రభుత్వాలకు మా విన్నపాలు ఇవి. ఆసుపత్రుల బిల్లుల చెల్లింపుకు గడువు విధించి, బకాయి ఎంతో ప్రతి నెలా ప్రకటించాలి. పరిమితి పెంచే ముందు ఏరియా ఆసుపత్రుల్లో మత్తు, ఎముకల, ప్రసూతి, పిల్లల వైద్యుల పోస్టులు నింపాలి. ఏ రోజు ఏ వైద్యుడు ఉంటాడో ద్వారం వద్ద బోర్డు పెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుండి ఉర్దూ రెండవ అధికార భాష. ఆరోగ్యమిత్ర బల్ల వద్దనైనా ఆ భాష కనిపించాలి. ఆసుపత్రి అభివృద్ధి సంఘాల్లో బస్తీ స్త్రీలకు చోటు ఇవ్వాలి.

మన వంతు పని కూడా ఉన్నది. ప్రతి మస్జిద్ కమిటీ చదువుకున్న ఇద్దరు యువకులను, ఇద్దరు యువతులను ఈ పనికి నియమించవచ్చు. రేషన్ కార్డులో పేర్లు సరిగా ఉన్నాయా, ఆధార్‌తో కలిశాయా అని జబ్బు రాకముందే చూడాలి. కార్డుపై చేర్చుకోమని ఎవరైనా నిరాకరిస్తే 104కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాలి. నిరాకరణను వీలైతే కాగితంపై అడగాలి. ఆసుపత్రిలో ఖాళీ పోస్టులెన్నో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. ఈ పనులకు డబ్బు కన్నా ఓపిక ఎక్కువ కావాలి. విశ్రాంత ఉద్యోగులమైన మా వంటివారికి తీరికా ఉన్నది, దరఖాస్తు రాసే అలవాటూ ఉన్నది. ఈ ఊరిలో హిందువైనా, ముస్లిమైనా, క్రైస్తవుడైనా పేదవాడు అదే వరుసలో నిలబడతాడు. కాబట్టి ఈ పని అందరితో కలిసి చేయవలసినది.

రోగిని పరామర్శించడం మన ధర్మం బోధించిన విధి. ఎవరైనా రుమాలు పరిస్తే మేము మళ్ళీ ఇస్తాము, ఇవ్వవద్దని ఎవరికీ చెప్పము. కాని ఇచ్చిన చేతితోనే మరునాడు ఒక అర్జీ కూడా రాయాలని మాలో మేము నిశ్చయించుకున్నాము. మొదటి అర్జీ మా ఏరియా ఆసుపత్రికి మత్తు వైద్యుని కోసం. దానిపై మొదటి సంతకం ఆ పండ్ల బండి సోదరునిదే.