పెద్దకూరా, గోధుమలూ, మన పెద్దరికమూ

అరకిలో బీఫ్, రాత్రంతా నానిన ముడి గోధుమలు ఓ గ్లాసు, అల్లంవెల్లుల్లి, మిరియాలు, దాల్చినచెక్క, నిండా నీళ్లు... స్లో కుక్కర్‌లో సన్న సెగ మీద ఎనిమిది గంటలు. దుఖాన్‌లో మా శుక్రవారం సూప్ ఇదే.

"ఛీ, బీఫా?" అనే మనవాళ్లకో మాట. గోధుమలూ మాంసమూ కలిపి గంటలకొద్దీ ఉడికించే ఇక్కడి హరీస్‌కి మన హలీమ్ చుట్టమే. ఆ హలీమ్‌కి 2010లో జీఐ గుర్తింపొస్తే మనదేనని మురిశాం కదా! అదే గిన్నెలో మేక బదులు గొడ్డుమాంసం పడితే మైలెలా అయింది? మాల, మాదిగ వాడల్లో పెద్దకూర తరతరాల తిండి. 2012లో ఉస్మానియాలో విద్యార్థులు బీఫ్ పండగ చేస్తే కొట్లాటలయ్యాయి. జీతమిచ్చే ఖతార్‌లో ఎవరి పళ్లెంలో ఏముందో అడగని మనం, ఊళ్లో మాత్రం పొరుగువాడి పొయ్యిలోకి తొంగిచూస్తాం!

మీకొద్దా, తినకండి. పక్కవాడి గిన్నె మీద మూత మాత్రం తీయకండి.