తల్వార్ ఒక్కటే చాలదు, జంబీల్ కూడా కావాలి



దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు వెళ్లే మన పిల్లల ఫోన్లలో, ఎల్బీ నగర్ ఫ్లాట్ల టీవీల్లో ఎర్తుగ్రుల్ ఇంకా గుర్రం దిగలేదు. ఐదు సీజన్లూ అయ్యాయి, మళ్లీ మొదలు. చూడనివ్వండి. నా షికాయత్ సీరియల్ మీద కాదు. అందులో మన కుర్రాళ్లకు తల్వార్ ఒక్కటే కనిపిస్తోంది, అదీ నా బాధ.

అదే సీరియల్‌లో హైమా ఖాతూన్ ఉంది. భర్త సులేమాన్ షా పోయాక కబీలా చెదరకుండా పట్టుకున్నది ఆమే. ఆ తల్లి సబర్ గురించి ఎవరైనా స్టేటస్ పెట్టారా?

దాస్తానె అమీర్ హమ్జా చూడండి. హజ్రత్ హమ్జా (రజి) తారీఖ్ వేరు, ఈ కల్పిత దాస్తాన్ వేరు, రెండూ కలపొద్దు. ఇందులో బలమంతా హమ్జాది. జాన్ మీదికి వచ్చినప్పుడు లష్కర్‌ను గట్టెక్కించేది మాత్రం అమర్ అయ్యార్. వేషం మారుస్తాడు, నవ్విస్తాడు, దొరికిందల్లా జంబీల్ సంచిలో దాస్తాడు. పరమ కంజూస్! మామూలు రోజుల్లో అది ఐబ్, జంగ్‌లో అదే హునర్.

కహానీల్లోనే అంటారా? ఎల్బీ నగర్ నుంచి సాగే విజయవాడ రోడ్డునే తీసుకోండి. 1948 సెప్టెంబర్ 13న మొదలైన పోలీస్ యాక్షన్‌లో ఒక సైనిక దళం కోదాడ, సూర్యాపేటల మీదుగా ఈ దారిలోనే వచ్చింది. ఐదు రోజుల్లో జంగ్ ఖతం. కానీ ఆ రోజుల్లో, ఆ తర్వాత సాగిన ఖూన్ ఖరాబాలో 27 వేల నుంచి 40 వేల మంది పోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా. రజాకార్ల తల్వార్లు గరీబ్ ముసల్మాన్‌ను కాపాడలేదు. వాళ్ల జుల్మ్‌కు ఖీమత్ కట్టింది ఈ గరీబే. ఎందరినో కాపాడింది, జాన్‌కు తెగించి తలుపు తీసిన హిందూ పొరుగువాళ్లు. ఆ భరోసా ఒక్కరోజులో పుట్టదు, ఏళ్ల తరబడి మంచీచెడూ పంచుకుంటేనే వస్తుంది. తర్వాత ఇళ్లను నిలబెట్టింది గుప్పెడు గింజలతో చూల్హా వెలిగించిన బేవా తల్లులు.

"జూటీ కహానీలు ఎందుకు?" అనే బుజుర్గులకు ఒక సవాల్. ఎర్తుగ్రుల్ గురించి తారీఖ్‌కు తెలిసింది చాలా తక్కువ, సీరియల్‌లో చాలావరకు కల్పనే. దానికి లేని అభ్యంతరం అమర్ అయ్యార్‌కు ఎందుకు?

గైరత్ అంటే గొంతు పెంచడమని పిల్లలు అనుకుంటే తప్పు మనది. ఈ జుమేరాత్ రాత్రి ఫోన్లు పక్కన పెట్టించి అమర్ అయ్యార్ కిస్సా చెప్పండి. ఆ వెంటనే, 1948లో మీ ఖాందాన్‌కు తలుపు తీసినవాళ్లు ఉంటే వాళ్ల పేర్లు కూడా చెప్పండి.