ఫర్మానా నుంచి పాస్‌బుక్ దాకా: దున్నేవాడి పేరెక్కడ?

మన గోదావరి నేలను ఇక్కడ ఏనాడూ కాలు పెట్టని మనిషి ఒకాయన రాసిచ్చేశాడు. ఆయన ఢిల్లీ పాదుషా రెండో షా ఆలం. అప్పటికి ఢిల్లీలో కూడా లేడు, అలహాబాదులో ఇంగ్లీషువాళ్ల పంచన ఉన్నాడు. 1765 ఆగస్టు 12న బెంగాల్ దివానీతో పాటు రాజమండ్రి, ఏలూరు సహా ఉత్తర సర్కారులను కంపెనీకి ఇస్తూ ఫర్మానా జారీ చేశాడు. నేల ఆయన చేతిలో లేదు, నిజాం చేతిలో ఉంది. అయినా కాగితం కాగితమే. ఆ కాగితం చూపించే 1766 నవంబరులో కంపెనీ నిజాంతో ఒప్పందం రాయించుకుంది. అరక పట్టినవాణ్ణి అడిగిన నాథుడు లేడు.

1802లో శాశ్వత పైసలా వచ్చింది. కంపెనీ ముద్రతో జమీందార్లకు సనదులు అందాయి. రైతుకు పట్టా ఇవ్వాలని ఆ ఏడే ఇంకో రెగ్యులేషన్ కూడా చేశారు. ఇవ్వాల్సింది ఎవరు? ఆ జమీందారే! ఎంతమందికి ఇచ్చి ఉంటాడో మీరే ఊహించుకోండి.

1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, నేల విలువ పెరిగింది. 1948 చట్టంతో జమీందారీలు పోయాయి. కౌలుదారు మాత్రం పోలేదు. ఇవాళ డెల్టాలో నాట్లు వేయించేది, ఎరువు కొనేది, తుపాను వస్తే మునిగేది ఎక్కువగా అతనే. ఆసామి హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు.

2011 చట్టంలో కౌలుదారు రుణ అర్హత కార్డుకు ఆసామి సంతకం అక్కర్లేకపోయింది. 2019లో దాన్ని రద్దు చేసి పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. పేరులో హక్కు ఉంది, కార్డు కావాలంటే మాత్రం ఆసామి సంతకం పెట్టాలి. అదీ 11 నెలలకే. సంతకం పెడితే భూమి పోతుందని ఆయన భయం. కార్డు లేకపోతే బ్యాంకులో అప్పు లేదు, పంట నష్టపరిహారం ఆసామి ఖాతాలో పడుతుంది. 1802 రెగ్యులేషన్‌కీ దీనికీ తేడా ఏమిటో చదువుకున్నవాళ్లెవరైనా చెప్పాలి.

ఈ మధ్య పాస్‌బుక్ అట్ట మీద ఎవరి బొమ్మ ఉండాలన్నది పెద్ద గొడవైంది. ఒకరు తమ ఫొటో వేసుకున్నారు, ఇంకొకరు తీసేసి రాజముద్ర వేస్తున్నారు. ఫొటో తీసేయడం మంచిదే, మా తాతల నేల మీద ఏ ముఖ్యమంత్రి బొమ్మా వద్దు. కానీ లోపల పేజీలో సాగుదారు పేరు గురించి అసెంబ్లీలో ఎంతమంది గొంతు చించుకున్నారు?

అన్నట్టు కౌలు అనే మాట అరబ్బీ నుంచి వచ్చింది. అర్థం ‘ఇచ్చిన మాట’ అట. మనకు ఇన్నేళ్లుగా మాటే మిగిలింది, కాగితం రాలేదు.

ఆసామి సంతకం నిబంధన తీసేయాలి. ఎవరు సాగు చేస్తున్నారో గ్రామసభలో తేల్చి కార్డు ఇవ్వాలి. పక్క చేను రైతుకు తెలియని రహస్యమా ఇది? మీ ఊళ్లో సంతకం దొరక్క కార్డు రానివాళ్ల పేరు, సాగు చేసే ఎకరాలు, పోయిన పరిహారం తెల్లకాగితం మీద రాసి సంఘానికి ఇవ్వండి. ఖరీఫ్ నాట్లు మొదలయ్యేలోగా ఆ కట్ట కలెక్టర్ బల్ల మీద పెడదాం.