బాతు వండిన రోజు అందరం ఒకేసారి తింటాం

ఇక్కడ బ్రిటన్‌లో ఏ పెద్ద సూపర్ మార్కెట్‌కి వెళ్లినా ఒక అట్టపెట్టె కనిపిస్తుంది. అందులో మసాలా పట్టించిన సగం బాతు, పల్చటి రొట్టెలు ఓ పది, చిన్న పొట్లంలో తియ్యగా, ఉప్పగా ఉండే హోయిసిన్ సాస్ ఉంటాయి. పేరు క్రిస్పీ అరోమాటిక్ డక్. అవెన్‌లో పెట్టి, కరకరలాడేదాకా కాల్చి, రెండు ఫోర్కులతో పీచులుగా విడదీయాలి. రొట్టెకి సాస్ రాసి, కీరదోస, ఉల్లికాడల ముక్కలు వేసి, బాతు పెట్టి చుట్టుకుని తినాలి.

"కొనుక్కొచ్చి వేడి చేయడం కూడా వంటేనా?" అని అడిగేవాళ్లు ఎక్కువగా మన ఆడవాళ్లే. మగవాళ్లు అడగరు, తినేస్తారు. నా మటుకు అది వంటే. మన ఇళ్లలో అప్పుడప్పుడైనా ఉండి తీరాల్సిన రకం వంట.

ముందు ఈ "కొనుక్కోవడం" సంగతి చూద్దాం. చైనాలో బాతు కాల్చడం ప్రధానంగా దుకాణాల పని, హోటళ్ల పని. బీజింగ్ బాతుకి పేరు మోసిన చువాన్‌జుదె హోటల్ 1864లో మొదలైంది. అక్కడి పద్ధతిలో చర్మానికీ మాంసానికీ మధ్య గాలి ఊది, తియ్యటి పాకం పూసి, గాలికి ఆరబెట్టి, తర్వాత పొయ్యిలో వేలాడదీసి కాలుస్తారు. మామూలు చైనా వంటింట్లో అలాంటి పొయ్యి ఎక్కడిది? కాంటన్ వైపు వాళ్లు కూడా కాల్చిన బాతుని కొట్లోనే ముక్కలు కొట్టించుకుని తెచ్చుకుంటారు. లండన్ చైనాటౌన్‌లోని జెరార్డ్ స్ట్రీట్‌లో అద్దాల వెనక కొక్కేలకి వేలాడే బాతులు అవే.

మనం అట్టపెట్టెలో తెచ్చుకునేది ఆ బీజింగ్ బాతు కాదు. సిచువాన్ పద్ధతిలో మసాలా పట్టించి, ఆవిరి మీద ఉడికించి, ఆపైన నూనెలో వేయించే బాతుకి ఇది చుట్టం. బ్రిటన్‌లోని చైనీస్ హోటళ్లు దాన్ని ఇక్కడివాళ్ల ఇష్టానికి తగ్గట్టు మలిచాయి. అదైనా నాలుగు దశల పనే. ఆత్రేయపురం పూతరేకులు ఇంట్లో ఎందుకు చేయలేదని ఏ కోడల్నీ ఎవరూ నిలదీయరు కదా! బాతు దగ్గర మాత్రం ఎందుకీ పట్టింపు?

ఇక అసలు సంగతి. మన వంటల్లో రుచికరమైనవి చాలావరకు వండే మనిషిని పొయ్యి దగ్గర నిలబెట్టేవే. దోసెలు, పూరీలు, పుల్కాలు, ఏవైనా సరే. "వేడివేడిగా ఇంకోటి" అంటూ బల్ల దగ్గర్నుంచి కేక వస్తుంది, మనం పరుగెడతాం. అందరూ లేచాక చల్లారిన చివరి దోసె, అడుగున మిగిలిన చట్నీ మనవి. దీన్ని ప్రేమ అని మనకి మనమే చెప్పుకున్నాం. ప్రేమ ఉంది, కాదనను. కానీ ఆ ప్రేమ కూర్చుని కూడా చూపించొచ్చు.

బాతు రోజున పళ్లెంలో బాతు పీచులు, ఇంకోదాంట్లో కీరా, ఉల్లికాడలు, హాట్‌ప్యాక్‌లో రొట్టెలు అన్నీ బల్ల మీదే ఉంటాయి. ఎవరిది వాళ్లు చుట్టుకోవాల్సిందే. మా అత్తగారు వచ్చినప్పుడు మొదటిసారి చూసి, "అదేంటమ్మాయ్, వడ్డించకుండా కూర్చున్నావ్?" అన్నారు. రెండో రొట్టెకి ఆవిడే సాస్ ఎక్కువ రాసుకుంటూ, వాళ్ల పెళ్లయిన కొత్తలో పదిమందికి వడ్డించాక తనకి కూర మిగలని రోజుల గురించి చెప్పారు. అన్నేళ్లలో ఆ సంగతి మావారికి కూడా తెలీదు. అందరం కూర్చుంటే తప్ప ఇలాంటి మాటలు బయటికి రావు.

పెట్టె కొనేటప్పుడు ముందే ఉడికించినదా, పచ్చిదా అన్నది చూసుకోండి. దాన్నిబట్టే కాల్చే సమయం ఉంటుంది. "ఖరీదెక్కువ, నలుగురికి చాలదు" అంటే నిజమే. అప్పుడు పచ్చి బాతు కాళ్లు కొనండి. నాలుగు కాళ్లని తడిలేకుండా తుడిచి, చర్మాన్ని మాత్రం ఫోర్కుతో గుచ్చి, చెంచాడు ఉప్పు, రెండు చెంచాల ఫైవ్ స్పైస్ పొడి పట్టించి, రాత్రంతా మూత లేకుండా ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచండి. చర్మం ఎంత ఆరితే అంత కరకరలాడుతుంది. ఆ పొడిలో అనాసపువ్వు, లవంగం, దాల్చినచెక్క, సోంపు మన పోపుల పెట్టెలోవే, సిచువాన్ మిరియం ఒక్కటే కొత్తది. తెల్లారి జాలీ మీద పెట్టి, కింద ట్రే ఉంచి, 160 డిగ్రీల్లో గంటన్నర, తర్వాత 200లో ఓ పావుగంట కాల్చండి. మాంసం ఎముక నుంచి దానంతటదే ఊడాలి. అవెన్ పని చేస్తున్నంతసేపూ మీ చేతులు ఖాళీ.

రొట్టెల్ని ఇడ్లీ పాత్రలో గుడ్డ వేసి ఆవిరి పట్టండి, మెత్తగా వస్తాయి. ట్రేలో కారిన కొవ్వు సింకులో పోయకండి, పైపు పూడుకుపోతుంది. వడకట్టి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే బంగాళాదుంపలు కాల్చడానికి దానికి మించింది లేదు.

దోసెలు మానేయమని నేననడం లేదు. మా ఇంట్లోనూ ఆదివారం దోసెలే. కాకపోతే వంట ఎంచుకునేటప్పుడు రుచి, ఖర్చు, ఆరోగ్యంతోపాటు ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలంటాను: ఇది వండినావిడ ఎప్పుడు తింటుంది? "అందరితోపాటే" అని జవాబు వస్తే, అది పెట్టెలోంచి వచ్చిన బాతైనా సరే, మంచి వంటే.